గొడవయ్యాక ఆయన ఫోన్ ఎత్తకపోతే వదిలేసినట్టే ఎందుకు అనిపిస్తుంది?

దగ్గరున్నంతసేపూ బాగానే ఉంటారని, చిన్న గొడవై మీ ఆయన ఫోన్ ఎత్తకపోతే మాత్రం ఇక వదిలేశారనిపించి ఊపిరాడదని రాశారు. వరసగా ఫోన్లు చేస్తారు, తీరా ఆయన ఇంటికొచ్చాక మీరే అటు తిరిగి పడుకుంటారు. ఇది అనుమానమా, జబ్బా అని అడిగారు. నాకైతే ఇది బెంగలా కనిపిస్తోందండీ. పెళ్లై పిల్లలున్నవాళ్లకీ ఉంటుంది.

మాది విశాఖే. నాన్న మర్చంట్ నేవీ. ఓడెక్కితే నెలల తరబడి రారు. నేను ఏడుస్తానని ఆయన వెళ్లే రోజు ఎవరూ చెప్పేవారు కాదు. రాత్రి నన్ను పక్కలో పడుకోబెట్టుకుని కథ చెప్పేవారు. తెల్లారి లేచేసరికి కొక్కేనికి చొక్కా ఉండేది కాదు, గుమ్మం దగ్గర చెప్పులు ఉండేవి కావు. అమ్మమ్మ "బజారుకెళ్లారమ్మా, వచ్చేస్తారు" అనేది. ప్రేమతోనే అన్నది, మన ఇళ్లలో పిల్లల కన్నుగప్పి వెళ్లడం ఇప్పటికీ మామూలే. కానీ ఆ తర్వాత నాన్న ఇంట్లో ఉన్న రోజుల్లో నిద్రపోవాలంటేనే నాకు భయం వేసేది. ఆయన తిరిగొచ్చిన రోజు దగ్గరికి వెళ్లకుండా అమ్మ వెనక నక్కేదాన్ని. "తండ్రినే మర్చిపోయింది" అనేవారు చుట్టాలు.

అది మరుపు కాదని చాలా ఏళ్లకి చదివి తెలుసుకున్నాను. ఇంగ్లండ్‌లో మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ, ఆయనతో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ 1950ల నాటికే, తల్లిని దగ్గర ఉండనివ్వని ఆసుపత్రుల్లో పసిపిల్లలు ఎలా ఉంటారో గమనించారు. మొదట గొంతు చించుకుని ఏడుస్తారు. తర్వాత డీలా పడతారు. ఇంకొన్నాళ్లకి తల్లి వచ్చినా మొహం తిప్పేసుకుంటారు. 1987లో అమెరికాలో సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పెద్దవాళ్ల ప్రేమల్లోనూ ఇవే పోలికలున్నాయని రాశారు. మీరు రాసిన రెండూ, ఆ ఫోన్లూ, అటు తిరిగి పడుకోవడమూ, నాకు ఇందులోనే కనిపించాయి.

అయితే మనిషి దూరంగా ఉండటం ఒక్కటే ఇంత బాధ పెట్టదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా ఆయన డ్యూటీలో ఇరుక్కుపోయారు. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. అప్పుడు నాకు తుఫాను భయమే తప్ప, ఆయన వదిలేశారన్న ఆలోచనే రాలేదు. ఎందుకంటే వెళ్లేముందు "రోడ్లు మూసుకుపోతే అక్కడే ఉంటాను, గాలి తగ్గాక నడిచైనా వస్తాను" అని చెప్పి వెళ్లారు. అదే నేను, మామూలు రోజున మాటామాటా పెరిగి ఆయన తలుపు వేసుకుని వెళ్లిపోతే గంటకే వణికిపోయేదాన్ని. తేడా అంతా ఆ చెప్పి వెళ్లడంలోనే ఉందని నా గట్టి నమ్మకం.

అందుకే, గొడవ లేని రోజు చూసుకుని అడగండి. నేను ఒక సాయంత్రం బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ మ్యూజియం దాటి నడుస్తూ అడిగాను. "కోపమొస్తే మాట్లాడొద్దు, వెళ్లిపోండి. కానీ ఎప్పుడు మాట్లాడతారో ఒక్క ముక్క చెప్పి వెళ్లండి" అన్నాను. "కోపంలో ఉన్నవాడికి అవన్నీ గుర్తుంటాయా" అన్నారు మొదట. ఇప్పుడు "భోజనాలయ్యాక మాట్లాడదాం" అని మెసేజ్ పెడతారు. ఆ మాట నిలబెట్టుకోవడం ఆయన వంతు. ఈలోగా ఫోన్ చేయకుండా ఉండటం నా వంతు, నిజానికి అదే కష్టం. చేతులు ఊరుకోవు. నేను ఫోన్ వేరే గదిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోతాను. ఆయన వచ్చాక ముందు టీ తాగుతాం, తర్వాతే గొడవ సంగతి.

ఒకటి మాత్రం విడిగా చూడాలి. ఆయన మిమ్మల్ని లొంగదీయడానికే రోజుల తరబడి మాట్లాడటం మానేస్తుంటే, ఈ ఉపాయాలేవీ పనిచేయవు. అది మీ బెంగ తప్పు కాదు, ఆయన తీరు తప్పు. అప్పుడు అమ్మకో అక్కకో చెప్పండి, ఒక్కరే మోయకండి. నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నేరుగా వెళ్లాలంటే మన విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మొదటిసారి ఒంటరిగా వెళ్లకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.