డాన్యూబ్ ఒడ్డున జెర్దాప్: జేబుకు భారం కాని నేషనల్ పార్క్

జర్మనీలో ఉంటున్నామనీ, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారనీ, పారిస్, స్విట్జర్లాండ్ చూపించేశామనీ రాశారు. ఇక నది పక్కన, జనం తాకిడి లేకుండా, ఖర్చు తక్కువలో చూడదగ్గ నేషనల్ పార్క్ ఏదైనా చెప్పమన్నారు. నేనైతే సెర్బియాలోని జెర్దాప్‌కి వెళ్లమంటాను. ఇలాంటి ప్రశ్నకు సాధారణంగా క్రొయేషియాలోని ప్లిట్విచె పేరు చెబుతుంటారు. దాని అందానికి వంక పెట్టలేం. కానీ వేసవిలో టికెట్టే మనిషికి 40 యూరోల దాకా అవుతుంది, పైగా చెక్క వంతెనల మీద ముందువాళ్ల వీపు చూస్తూ నడవాలి. పెద్దవాళ్లతో ఆ తిప్పలెందుకు?

జెర్దాప్ సెర్బియాకు, రుమేనియాకు సరిహద్దులో ఉంది. రెండు దేశాల మధ్య డాన్యూబ్ కొండల్ని కోసుకుంటూ పోతుంది, దాని కుడి ఒడ్డున గోలుబాత్స్ నుంచి క్లాదొవొ దగ్గరి దాకా సుమారు 100 కిలోమీటర్ల పొడవున ఈ పార్క్. 1974లో నేషనల్ పార్క్‌గా ప్రకటించారు, 2020లో యునెస్కో గ్లోబల్ జియోపార్క్ గుర్తింపు కూడా వచ్చింది. లాంచీలో పాపికొండలు చూసినవాళ్లకు ఈ దృశ్యాన్ని వర్ణించక్కర్లేదు, అక్కడ గోదావరిని నొక్కిపట్టినట్టే ఇక్కడ కొండలు డాన్యూబ్‌ను నొక్కిపడతాయి. గోలుబాత్స్ దగ్గర 6 కిలోమీటర్ల దాకా పరుచుకున్న నది, కజాన్ అనే ఇరుకులోకి వచ్చేసరికి 150 మీటర్లకు తగ్గిపోతుంది.

టికెట్లు బుక్ చేసే ముందు వీసా సంగతి చూసుకోండి. సెర్బియా షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) లేదు. 2023 నుంచి మన పాస్‌పోర్టుకు అక్కడ వీసా కావాలి. అయితే చెల్లుబాటయ్యే షెంగెన్ వీసా గానీ, మీకున్నట్టు జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ గానీ ఉంటే విడిగా సెర్బియా వీసా తీసుకోనక్కర్లేదు. చిక్కల్లా అమ్మానాన్నల వీసాతోనే. అది సింగిల్ ఎంట్రీ అయితే సెర్బియాలో అడుగుపెట్టారంటే షెంగెన్ నుంచి బయటికి వచ్చేసినట్టే, మళ్లీ జర్మనీలోకి రానివ్వరు. స్టిక్కర్ మీద ఎంట్రీల దగ్గర 'MULT' (చాలాసార్లు రావచ్చని అర్థం) అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఉందో, ఒకటి అంకె (ఒక్కసారే అని) ఉందో ఈ రోజే తీసి చూడండి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి సెర్బియా ఎంబసీ సైట్ కూడా ఒకసారి చూడండి.

ఇక ఖర్చు. పార్కుకు గేటంటూ లేదు, మెయిన్ రోడ్డే అందులోంచి పోతుంది. కోటకు, మ్యూజియానికి, కొన్ని నడక దారులకు మాత్రం చిన్న చిన్న టికెట్లుంటాయి. మేమున్న గెస్ట్‌హౌస్‌లో ఇద్దరికి గది రాత్రికి 40 యూరోల లోపే పడింది, బాల్కనీలో నిలబడితే ఎదురుగా నది, అవతల రుమేనియా. యూరోకు సుమారు 117 సెర్బియా దినార్లు వస్తాయి. ఊళ్లలో చాలాచోట్ల నగదే అడుగుతారు కాబట్టి కొంచెం దినార్లు చేతిలో ఉంచుకోండి. రాజధాని బెల్‌గ్రేడ్‌లో అయితే 2025 జనవరి నుంచి సిటీ బస్సులు, ట్రాములు అందరికీ ఉచితం, టూరిస్టులకు కూడా.

బెల్‌గ్రేడ్ నుంచి గోలుబాత్స్ 130 కిలోమీటర్లు. బస్సులున్నాయి గానీ రోజుకు కొన్నే, అందులోనూ అవి ఊళ్ల దగ్గర దింపుతాయి తప్ప చూడాల్సిన చోట్ల ఆగవు. అమ్మానాన్నలతో కారు తప్పనిసరి. జర్మనీలో అద్దెకు తీసుకునే కారైతే సెర్బియాలోకి అనుమతి ఉందా, గ్రీన్ కార్డ్ ఇన్సూరెన్స్ (వేరే దేశంలోనూ చెల్లే కారు బీమా) ఇస్తారా అని ముందే రాతపూర్వకంగా అడగండి, చాలా కంపెనీలు ఒప్పుకోవు. బెల్‌గ్రేడ్ దాకా విమానంలో వచ్చి అక్కడ కారు తీసుకోవడమే మేలు.

చాలామంది బెల్‌గ్రేడ్ నుంచి పొద్దున బయల్దేరి, గోలుబాత్స్ కోట ముందు ఫొటోలు దిగి సాయంత్రానికి వెనక్కి వెళ్లిపోతారు. అలా చేస్తే పార్కు గుమ్మం దాకా వచ్చి లోపలికి రానట్టే. కోట బాగానే ఉంటుంది, కాదనను. 14వ శతాబ్దానిది, నీళ్ల అంచున లేచిన బురుజులు, వెనక నిట్టనిలువు కొండ. ఒకప్పుడు మెయిన్ రోడ్డు ఆ కోట గుమ్మాల్లోంచే వెళ్లేది, లారీలు రాసుకుని గోడలు దెబ్బతినేవి. ఇప్పుడు పక్కన సొరంగం తవ్వి రోడ్డు మళ్లించారు, మరమ్మతులయ్యాక 2019లో కోట తెరిచారు. పై బురుజుల మెట్లు చాలా నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను కింది భాగం వరకే తీసుకెళ్లండి. ఇక్కడ గంటన్నర చాలు, కారు ముందుకు పోనివ్వండి.

రాత్రి బస దోన్యి మిలానోవాత్స్‌లో పెట్టుకోండి. పార్కు ఆఫీసు, విజిటర్ సెంటర్ ఈ ఊళ్లోనే ఉన్నాయి. గోలుబాత్స్ నుంచి అక్కడికి వెళ్లే దారిలోనే లెపెన్‌స్కి వీర్ వస్తుంది. ఈ పార్కులో ఒక్కటే చూసే వీలుంటే నేను దీన్నే చూస్తాను. సుమారు 8,000 ఏళ్ల కిందట ఇక్కడ చేపలు పట్టుకుని బతికిన జనం ఒక ఊరు కట్టుకున్నారు. ఇళ్లన్నీ ఒకే ఆకారం, నది వైపు వెడల్పుగా, వెనక్కి వెళ్లేకొద్దీ సన్నగా. సున్నపురాయితో గట్టిగా చేసిన ఎర్రటి నేల, మధ్యలో రాళ్లు పేర్చిన పొయ్యి. నదికి అవతల రుమేనియా ఒడ్డున ట్రెస్కావాత్స్ కొండ కూడా దాదాపు అదే ఆకారంలో కనిపిస్తుంది, ఇళ్లకు ఆ కొండే నమూనా అంటారు కొందరు. 1960ల్లో ద్రాగొస్లావ్ స్రెయోవిచ్ అనే పురావస్తు శాస్త్రవేత్త దీన్ని తవ్వి తీశాడు.

పొయ్యిల దగ్గర దొరికిన రాతి తలలున్నాయి చూశారూ, వాటి ముందు మా అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. ఏటిలో దొరికే గుండ్రాళ్లను చెక్కారు. గుడ్లప్పగించిన కళ్లు, రెండు మూలలూ కిందికి వాలిన మందపాటి పెదాలు. మనిషి ముఖమే, కానీ నోరు మాత్రం గట్టున పడ్డ చేపది. అసలు శిల్పాల్లో చాలావరకు బెల్‌గ్రేడ్ నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి కాబట్టి ఆ ఊళ్లో ఉన్నప్పుడు అవీ చూడండి. తవ్వకం జరిగిన స్థలాన్ని మాత్రం ఇక్కడే పెద్ద అద్దాల కప్పు కింద చూడొచ్చు. పార్కింగ్ నుంచి అడవిలో కాస్త నడక ఉంటుంది, పెద్దవాళ్లు మెల్లగా వెళ్లగలరు.

నిజానికి అది మొదట్లో ఉన్న చోటు కాదు. ఇక్కడ డాన్యూబ్ మీద అప్పటి యుగోస్లావియా (సెర్బియా అందులో భాగం), రుమేనియా కలిసి 1964లో మొదలుపెట్టి 1972లో ఆనకట్ట పూర్తి చేశాయి. నీటిమట్టం బాగా పెరుగుతుందని తెలిసి, లెపెన్‌స్కి వీర్ ఇళ్ల నేలల్ని ఎత్తి దాదాపు 30 మీటర్లు పైకి తరలించారు. మీరు బస చేసే దోన్యి మిలానోవాత్స్ కూడా అలా పైకి జరిపి కట్టిన ఊరే. తుర్కులు కాపురమున్న అదా కాలె అనే లంక పూర్తిగా మునిగిపోయింది. పోలవరం ముంపు కబుర్లు వింటూ పెరిగినవాళ్లం కదా, మునిగిన ఆ ఊళ్ల పాత ఫొటోల ముందు ఆగకుండా పోలేం. నది ఇంత నెమ్మదిగా ఉండటానికి కారణం కూడా ఆ ఆనకట్టే. అంతకుముందు ప్రవాహం ఎంత ఉధృతంగా ఉండేదంటే, సిప్ అనే చోట కాలువ పక్కన పట్టాలు వేసి, రైలింజనుతో ఓడల్ని ఎగువకు లాగేవాళ్లు! నష్టపోయింది చేపలు. నల్ల సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురీదుకుంటూ వచ్చే పెద్ద బెలూగా చేపలకు ఆనకట్ట దగ్గరే దారి మూసుకుపోయింది.

రెండో రోజు బోటు ఎక్కండి. తెకియా అనే ఊరి నుంచి చిన్న బోట్లు కజాన్ ఇరుకులోకి తీసుకెళ్తాయి. ఇది ఎగ్గొట్టొద్దని ఎందుకంటున్నానంటే, రోమన్ చక్రవర్తి ట్రాజన్ కొండ అంచున రోడ్డు వేయించి, క్రీ.శ. 100లో చెక్కించిన రాతి శాసనం టాబులా ట్రయానా నీళ్ల మీద నుంచి తప్ప సరిగా కనిపించదు. దాన్ని కూడా మునిగిపోకుండా రాయితో సహా కోసి పైకి ఎత్తారు. బోటతను దాని కింద ఇంజను ఆపితే అక్షరాల పక్కన రెక్కలున్న రెండు డాల్ఫిన్ బొమ్మలు తెలుస్తాయి. ఆ తర్వాత రుమేనియా వైపు కొండకు చెక్కిన డెసెబలుస్ ముఖం వస్తుంది. ట్రాజన్ చేతిలో ఓడిపోయిన డాకియా (ఇప్పటి రుమేనియా ప్రాంతం) రాజు ఈయన. 40 మీటర్లకు పైగా ఎత్తున్న ఆ ముఖాన్ని చూసి పురాతనమైనదేమో అనుకుంటారు, 1994 నుంచి పదేళ్లపాటు చెక్కారంతే. నాకు శాసనం ముందు అది తేలిపోయింది, కానీ అందరూ ఫొటోలు మాత్రం దాని దగ్గరే దిగుతారు.

మీకూ మీ ఆయనకూ నడిచే ఓపిక ఉంటే ప్లోచె వ్యూ పాయింట్ వదలకండి. ఇరుకులో మెలి తిరిగిన నదిని పైనుంచి చూసేది అక్కడి నుంచే. పోను రాను సగం రోజు పడుతుంది, ఎక్కువ దారి అడవి నీడలోనే. అమ్మానాన్నల్ని గెస్ట్‌హౌస్‌లో ఉంచి పొద్దున్నే వెళ్లిరండి. చీలమండ కప్పే షూ, పొడుగు ప్యాంటు వేసుకోండి. రాళ్ల మధ్య విషపు పాములుంటాయి, గడ్డిలో పిడుదులుంటాయి, తిరిగొచ్చాక కాళ్లు ఒకసారి తడిమి చూసుకోండి.

తిండికి ఇబ్బంది పడరు. డాన్యూబ్ చేపల పులుసు, వేయించిన చేప ఎక్కడైనా దొరుకుతాయి. శాకాహారులైతే 'పోస్నొ' అని అడగండి, ఉపవాసపు వంటలన్న మాట. మాంసం, గుడ్లు, పాలు ఉండవు గానీ చేప ఉండొచ్చు, ఆ సంగతి విడిగా చెప్పాలి. ప్రెబ్రనాత్స్ అనే చిక్కుడు గింజల వంటకం, కాల్చిన ఎర్ర క్యాప్సికంతో చేసే ఐవర్ పచ్చడి, వేడి రొట్టె మా నాన్నకు తెగ నచ్చాయి. పొద్దున పూట బేకరీలో జున్ను పెట్టిన బురెక్ ఒకటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

మే, జూన్ గానీ సెప్టెంబర్ గానీ చూసుకోండి. ఏప్రిల్ చివర, మే మొదట్లో కొండల మీద అడవి లైలాక్ పూస్తుంది. జూలై, ఆగస్టుల్లో ఎండ మన వేసవిలా ఉంటుంది. చలికాలంలో కొషావ అనే గాలి ఎముకలు కొరికేస్తుంది, పెద్దవాళ్లతో వద్దు.

విదేశీయులు వచ్చిన 24 గంటల్లో పోలీసు రిజిస్ట్రేషన్ జరగాలి. హోటల్ అయితే వాళ్లే చేస్తారు, ఇల్లు అద్దెకు తీసుకుంటే మాత్రం చేశారా అని ఓనర్‌ను అడగండి. ఫోన్ రోమింగ్ సంగతీ అంతే, సెర్బియా ఈయూలో లేదు కాబట్టి జర్మనీ సిమ్‌కు బిల్లు దండిగా పడుతుంది, ఈసిమ్ ఒకటి వేసుకోండి. నది పక్కన ఫోన్ అవతలి ఒడ్డు టవర్లను పట్టుకుంటుంది, రుమేనియా టైము ఒక గంట ముందుంటుంది కాబట్టి ఫోన్లో గడియారం దానంతటదే గంట ముందుకు దూకుతుంది. దోన్యి మిలానోవాత్స్ చేరగానే ఆటోమేటిక్ టైమ్ జోన్ ఆపేయండి, లేకపోతే మర్నాడు బోటు దగ్గర గంట ముందే నిలబడాల్సి వస్తుంది.