ఎండల ఊరికి వచ్చినా వేళ్లు తెల్లబడతాయా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36. చాలా ఏళ్లుగా షికాగోలో ఉంటున్నాను. రెండేళ్ల నుంచి చలి తగిలితే చేతి వేళ్లు సున్నం పూసినట్టు తెల్లబడి, తర్వాత నీలంగా మారి, చివరికి ఎర్రబడి సలుపుతున్నాయి. అక్కడి డాక్టరు రేనాడ్స్ అని చెప్పి నిఫెడిపిన్ మాత్ర రాశారు. ఏప్రిల్‌లో విజయవాడకు వచ్చేస్తున్నాం. ఆ ఎండలకు ఈ బాధ పోతుందా? మాత్ర మానేయవచ్చా?

జవాబు: బాధ తగ్గే అవకాశమే ఎక్కువ, కానీ పూర్తిగా పోతుందని అనుకోవద్దు. ఫ్రెంచి వైద్యుడు మోరిస్ రేనో 1862లో వర్ణించిన ఈ సమస్య (మన నోళ్లలో రేనాడ్స్ అయింది)లో వేళ్లలోని సన్నని రక్తనాళాలు అవసరానికి మించి ముడుచుకుపోతాయి. అందుకు మంచే కురవనక్కర్లేదు, ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయినా చాలు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలోంచి, చెమట ఆరని చేతులతో 20 డిగ్రీల ఏసీ ఉన్న బట్టల కొట్లోకి అడుగుపెడితే ఏమవుతుందో మీరే ఊహించండి. ఫ్రిజ్‌లోంచి పెరుగు ప్యాకెట్టు తీసేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకోండి. ఇంట్లో ఏసీని 26 దగ్గర ఉంచి, రాత్రి ఏసీ బస్సులో వెళ్లేటప్పుడు శాలువా వెంట పెట్టుకోండి. ఒళ్లు వెచ్చగా ఉంటేనే వేళ్లకు రక్తం సరిగా అందుతుంది. తిమ్మిరెక్కిన వేళ్లను వేడినీళ్లలో ముంచితే కాలినా తెలియదు కాబట్టి గోరువెచ్చని నీళ్లే వాడాలి.

మాత్రను మీ అంతట మీరు మానవద్దు, అలాగని పాత మోతాదునే గుడ్డిగా కొనసాగించనూ వద్దు. నిఫెడిపిన్ రక్తనాళాలను వదులు చేస్తుంది, ఎండ కూడా అదే పని చేస్తుంది, పైగా చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది. ఈ మూడూ కలిస్తే బీపీ పడిపోయి, లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు, చీలమండల దగ్గర వాపూ రావచ్చు. వచ్చిన వారంలోనే బీపీ చూపించుకుని మోతాదు తగ్గించాలా, చలికాలానికే పరిమితం చేయాలా అన్నది డాక్టరుతో మాట్లాడండి. జలుబు చేసిందని మందుల షాపులో సూడోఎఫెడ్రిన్ కలిసిన మాత్ర కొనవద్దు, అది నాళాలను ఇంకా బిగిస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట వేరే ఉంది. వేరే జబ్బేదీ లేకుండా వచ్చే మామూలు రేనాడ్స్ సాధారణంగా 30 ఏళ్లలోపే కనిపిస్తుంది, మీకు 34కి మొదలైంది. స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడే జబ్బు), లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటిపైనే దాడి చేసే జబ్బు) వంటి వాటికి ఇది తొలి సూచన కావచ్చు. ఇదివరకు చేయించుకోకపోతే రుమటాలజిస్టు (కీళ్ల జబ్బులు, ఇలాంటి రోగనిరోధక జబ్బులు చూసే డాక్టరు) దగ్గర ఈ జబ్బుల జాడ పట్టే ఏఎన్ఏ రక్తపరీక్ష, గోటి మొదట్లోని నాళాలను చూసే క్యాపిల్లరోస్కోపీ చేయించుకోండి. వేలి కొనపై పుండు పడినా, చర్మం బిగుసుకుంటున్నా ఎండలు తగ్గేదాకా ఆగకండి.