టెక్ సందేహాలు: హాస్టల్‌కు పెట్టె సర్దే ముందు

ఈ వారం వచ్చిన సందేహాల్లో ఎక్కువ భాగం కాలేజీ హాస్టల్లో చేరబోయే పిల్లలవి, వాళ్ల అమ్మానాన్నలవి. అందరిదీ దాదాపు ఒకటే ప్రశ్న: ఏమేం కొనాలి? ల్యాప్‌టాప్ తప్ప మిగతావేవీ ఇప్పుడే కొనొద్దన్నదే నా సలహా. గదిలో ప్లగ్గులు ఎక్కడున్నాయో, వై-ఫై ఎలా వస్తోందో, రూమ్మేట్ ఏం తెచ్చుకున్నారో చూశాక లిస్టు రాసుకోండి. ఇప్పుడు రాసుకున్న దాంట్లో సగం కొట్టేస్తారు. ఆ ల్యాప్‌టాప్ విషయంలో కూడా తొందర వద్దు. ఎందుకో మొదటి జవాబులోనే ఉంది.

మా అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరుతోంది సార్. షాపులో గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోండి, కోర్సు అయ్యేదాకా ఢోకా ఉండదు అంటున్నారు. తనేమో మ్యాక్‌బుక్ కావాలంటోంది. ఏది కొనమంటారు?

బ్రాంచి ఏమిటో మీరు రాయలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది. మెకానికల్ అయితే యంత్ర భాగాలు డిజైన్ చేసే సాలిడ్‌వర్క్స్ లాంటి సాఫ్ట్‌వేర్ కావాల్సి రావచ్చు. అది విండోస్‌లో తప్ప నడవదు. డ్రాయింగ్‌లు గీసే ఆటోక్యాడ్‌కు మ్యాక్ వెర్షన్ ఉంది కానీ విండోస్ వెర్షన్‌లో ఉన్నవన్నీ అందులో ఉండవు. కంప్యూటర్ సైన్స్ అయితే మ్యాక్‌బుక్ హాయిగా సరిపోతుంది. కాబట్టి ముందు డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసి ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో కనుక్కోండి. సీనియర్లు దొరికితే ఇంకా మంచిది. పేపర్ మీద ఏముందో కాదు, నిజంగా ఏం వాడుతున్నారో వాళ్లు చెబుతారు. మొదటి సెమిస్టర్ చాలాచోట్ల ల్యాబ్ కంప్యూటర్లతో గడిచిపోతుంది. నెల ఆగి కొన్నా మునిగిపోయేదేమీ లేదు.

గేమింగ్ ల్యాప్‌టాప్ మీద నాకు కోపం లేదు, కానీ అది ఎక్కువగా టేబుల్ మీద పెట్టుకుని వాడుకునే వస్తువు. చాలా మోడళ్లు రెండు కిలోలు దాటతాయి. దానికి తోడు ఇటుకంత అడాప్టర్. ఛార్జింగ్ పెట్టకుండా రోజంతా క్లాసుల్లో నెట్టుకురావడం కష్టం. పైగా అర్ధరాత్రి అసైన్‌మెంట్ చేస్తుంటే దాని ఫ్యాన్ హోరుకు పక్క మంచం మీది పిల్ల లేచి కూర్చుంటుంది. త్రీడీ డిజైన్, వీడియో ఎడిటింగ్ లాంటి అవసరం ఉంటే తప్ప దాని జోలికి వెళ్లొద్దు. 14 అంగుళాల తెర, కిలోన్నరకు దగ్గరగా బరువు ఉన్నది చూడండి.

ర్యామ్ (పని నడుస్తున్నప్పుడు కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక మెమరీ) మాత్రం 16 జీబీకి తగ్గకండి. ఈ రోజుల్లో పల్చటి ల్యాప్‌టాప్‌ల్లో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించేస్తున్నారు, తర్వాత పెంచుకుందామంటే కుదరదు. ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డీ 512 జీబీ చాలు. విండోస్‌లో ఏఆర్ఎమ్ అనే వేరే రకం ప్రాసెసర్ చిప్‌తో వచ్చేవి బ్యాటరీ బాగా ఇస్తాయి కానీ ల్యాబ్ పరికరాలను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు కొన్ని వాటిలో పనిచేయవు. ఇంజినీరింగ్ విద్యార్థులు ఇంటెల్, ఏఎమ్‌డీ చిప్‌లతో ఉంటేనే తలనొప్పి తక్కువ.

ఇంకొక్క మాట. ల్యాప్‌టాప్ కింద పడినా, దాని మీద కాఫీ ఒలికినా మామూలు వారంటీ వర్తించదు. హాస్టల్లో ల్యాప్‌టాప్‌కు గండం సాధారణంగా ఆ రెండింటితోనే. ప్రమాదాలకు కూడా వర్తించే ప్లాన్ విడిగా అమ్ముతారు. మిగతా యాడ్-ఆన్‌లు ఎన్ని చూపించినా వద్దనండి, దీని గురించి మాత్రం ఆలోచించండి.

హాస్టల్ వై-ఫైకి ఫోన్ మ్యాక్ అడ్రస్ ఇచ్చి రిజిస్టర్ చేసుకోవాలి. ఫామ్‌లో సరిగ్గానే రాశాను. ల్యాప్‌టాప్‌కు నెట్ వస్తోంది, ఫోన్‌కు రావట్లేదు. ఆఫీసులో అడిగితే 'మా వైపు అంతా బానే ఉంది' అంటున్నారు.

వాళ్ల వైపు నిజంగానే బాగుంది. మీరు రాసిందీ తప్పు కాదు. మధ్యలో మీ ఫోనే వేషం మార్చింది.

ప్రతి ఫోన్‌కూ ఫ్యాక్టరీలోనే ఒక మ్యాక్ అడ్రస్ ఇస్తారు. 12 అంకెలు, అక్షరాలు కలిసిన గుర్తింపు అది, మ్యాక్‌బుక్‌కూ దానికీ సంబంధం లేదు. వెళ్లిన చోటల్లా అదే చూపిస్తే మన కదలికలు కనిపెట్టడం తేలిక. అందుకని ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వై-ఫైకి ఒక్కో ఉత్తుత్తి అడ్రస్ కల్పించి చూపిస్తున్నాయి. మీరు ఫామ్‌లో రాసింది 'అబౌట్ ఫోన్'లో కనిపించే అసలుది అయి ఉంటుంది. గేటు దగ్గర ఫోన్ చెబుతున్నది ఇంకోటి. విండోస్‌లో ఈ ఏర్పాటు మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, అందుకే ల్యాప్‌టాప్‌కు అడ్డు రాలేదు.

ఆండ్రాయిడ్ అయితే వై-ఫై సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్ పక్కనున్న గేర్ గుర్తు నొక్కి, 'ప్రైవసీ' లేదా 'మ్యాక్ అడ్రస్ టైప్' అన్న చోట 'డివైస్ మ్యాక్' లేదా 'ఫోన్ మ్యాక్' ఎంచుకోండి. ఐఫోన్‌లో 'ప్రైవేట్ వై-ఫై అడ్రస్' ఆఫ్ చేయాలి. ఈ ఒక్క నెట్‌వర్క్‌కే సుమా, బయటి వై-ఫైలకు అలాగే ఉండనివ్వండి. ఏది అసలుదో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. అడ్రస్‌లో రెండో స్థానంలో 2, 6, ఎ, ఇ లలో ఏదైనా ఉంటే అది ఫోన్ కల్పించిన అడ్రస్సే అనుకోవచ్చు.

వై-ఫై మా గది దాకా సరిగ్గా రాదు. గోడకు ల్యాన్ పోర్టు (నెట్ కేబుల్ గుచ్చే చోటు) ఉంది. సొంత రౌటర్ పెట్టుకోవచ్చా?

ముందు హాస్టల్ రూల్స్ చూడండి. చాలాచోట్ల ఒప్పుకోరు. అది వట్టి చాదస్తం అని నేనూ ఒకప్పుడు అనుకునేవాణ్ని. మా హాస్టల్లో ఒకడు రహస్యంగా రౌటర్ తెచ్చి, గోడ నుంచి వచ్చిన వైరును బయటి నెట్ తీసుకునే 'వ్యాన్' పోర్టులో పెట్టాల్సింది పోయి, కంప్యూటర్లకు నెట్ పంచే 'ల్యాన్' పోర్టులో గుచ్చాడు. రౌటర్ ఊరుకుంటుందా? ఆ ఫ్లోర్‌లో ఏ కంప్యూటర్ ఆన్ అయినా 'ఇదిగో నీ ఐపీ అడ్రస్' (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కు ఇచ్చే నంబరు) అంటూ తనే పంచడం మొదలుపెట్టింది. అన్నీ 192.168తో మొదలయ్యేవే, హాస్టల్ నెట్‌వర్క్‌లో పనికిరానివి. తీసుకున్న వాళ్లందరికీ నెట్ పోయింది. మర్నాడు ఉదయం ఆన్‌లైన్ పరీక్ష. వార్డెన్ గదిగదికీ తిరిగి, మంచం కింద మిణుకుమిణుకుమంటున్న లైట్లను పట్టుకునేసరికి తెల్లవారుజాము అయింది. వాడికి ఏడాదంతా 'రౌటర్' అనే పేరే మిగిలింది.

అనుమతి ఉంటే పెట్టుకోండి, కానీ 'యాక్సెస్ పాయింట్' మోడ్‌లో. అప్పుడది అడ్రస్‌లు పంచదు, సిగ్నల్ మాత్రమే ఇస్తుంది. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వాడండి. రెండో బ్యాండ్ అయిన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు 1, 6, 11 మూడే, అంత మంది కొట్టుకునే చోట వేగం ఆశించలేం. అనుమతి లేకపోతే ఒక ల్యాన్ కేబుల్, ల్యాప్‌టాప్‌లో పోర్టు లేకపోతే చిన్న యూఎస్‌బీ అడాప్టర్ తెచ్చుకోండి. చదువుకు అదే మేలు.

గదిలో ముగ్గురం, ప్లగ్ పాయింట్లు రెండే. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించుకుంటే ప్రమాదమా?

ప్రమాదమే. అయితే భయపడాల్సింది ల్యాప్‌టాప్‌లకు కాదు. ముగ్గురి ల్యాప్‌టాప్‌లు ఒక్కోటి 65 వాట్లు, ఫోన్లు, టేబుల్ లైట్లు అన్నీ కలిపినా మూడు నాలుగు వందల వాట్లు దాటవు. ఒక్క ఎలక్ట్రిక్ కెటిల్ పెడితే 1500 వాట్లు, ఇస్త్రీ పెట్టె 1000కి అటూఇటూ. వాట్లను వోల్టులతో భాగిస్తే యాంపియర్లు వస్తాయి. 230 వోల్టుల కరెంటు మీద ఆ కెటిల్ ఒక్కటే ఆరున్నర యాంపియర్లు లాగుతుంది. బోర్డు వెనక రాసున్న రేటింగ్ చూసి లెక్కేసుకోండి.

వేడి పుట్టించేవాటిని ఎక్స్‌టెన్షన్‌కు అసలు తగిలించొద్దు. బోర్డుకు బోర్డు గొలుసులా కలపొద్దు. గోడ దాకా చేరే పొడవాటి వైరున్నది, ఫ్యూజ్ ఉన్నది ఒకటి ముగ్గురూ కలిసి కొనుక్కోండి. అప్పుడప్పుడూ ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే లోపల కాంటాక్ట్ వదులైందని అర్థం.

రూమ్మేట్ గురక. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ పనిచేస్తాయా?

అంతంతమాత్రమే. ఫ్యాన్, ఏసీ, బస్సు ఇంజన్ లాంటి ఒకేలా సాగే మంద్రమైన చప్పుడును అవి బాగా మింగేస్తాయి. పడుతూ లేచే గురకను, మాటలను అంతగా ఆపలేవు. చెవిలో పెట్టుకునే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ ఈ పనికి వాటికంటే మెరుగు, ఛార్జింగ్ బాధ కూడా లేదు. కాకపోతే మీ అలారం మీకు వినిపించదు. వైబ్రేషన్‌తో లేపే ఫిట్‌నెస్ బ్యాండ్ ఉంటే మీరే లేస్తారు, గది మొత్తం లేవదు.

కాలేజీ మెయిల్ ఐడీ ఇచ్చింది, దాంతో క్లౌడ్ స్టోరేజీ కూడా. ఇక ఫొటోలు, సర్టిఫికెట్లు అన్నీ అందులోనే పెట్టేయొచ్చా?

వద్దు. ఆ ఖాతా మీది కాదు, కాలేజీది. కోర్సు అయ్యాక ఒక రోజు మూసేస్తారు. బ్యాంకు, సర్టిఫికెట్లు, కుటుంబం ఫొటోలు సొంత ఖాతాలోనే ఉంచండి. కాలేజీ మెయిల్‌ను విద్యార్థులకు ఉచితంగా ఇచ్చేవాటికి వాడుకోండి. మైక్రోసాఫ్ట్ ఆఫీస్, ఆటోక్యాడ్ లాంటి ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్లు, ప్రోగ్రామర్ల సైట్ గిట్‌హబ్ ఇచ్చే స్టూడెంట్ ప్యాక్ ఇలా దొరుకుతాయి. ఆఫీస్‌లో ఆ మెయిల్‌తో లాగిన్ అయ్యేటప్పుడు 'ఈ డివైస్‌ను మీ సంస్థ మేనేజ్ చేయనివ్వాలా' అనే ప్రశ్న వస్తుంది. చాలామంది చూడకుండా ఓకే కొట్టేస్తారు. అలా కొడితే మీ సొంత ల్యాప్‌టాప్ మీద కాలేజీకి కొన్ని అధికారాలు ఇచ్చినట్టే. అక్కడ టిక్ తీసేసి, 'ఈ యాప్‌కు మాత్రమే' అన్నది ఎంచుకోండి.

బ్యాకప్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. క్లౌడ్ ఫోల్డర్‌లో ఉంటే బ్యాకప్ ఉన్నట్టే అనుకుంటారు. ల్యాప్‌టాప్‌లో ఫైలు చెరిపేస్తే క్లౌడ్‌లోనూ చెరిగిపోతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత అంతే. ప్రాజెక్టు రిపోర్టు లాంటిది వారానికోసారి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ డ్రైవ్‌ను ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా వేరే చోట పెట్టండి. బ్యాగు పోతే రెండూ కలిసి పోకూడదు కదా.

విండోస్ 11 వాళ్లు ఇంకో పని చేయండి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని ఫైళ్లకు తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే, ఏదైనా రిపేరు తర్వాత 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఇప్పుడే తెరిచి ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి. పరీక్షల ముందు రోజు రాత్రి నీలం తెర ముందు కూర్చుని పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకోవడం కంటే నయం.

రూమ్మేట్ 'ఐదు నిమిషాలు' అంటూ రోజూ నా ల్యాప్‌టాప్ తీసుకుంటున్నాడు. కాదనలేను.

కాదనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కు వెళ్లి 'అదర్ యూజర్స్' కింద అతని పేరుతో స్టాండర్డ్ ఖాతా ఒకటి తెరవండి. అతని గోల అతనిది, మీ ఫైళ్లు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు మీవి. మీ పిన్ మాత్రం చెప్పొద్దు. బ్రౌజర్ ఆ పాస్‌వర్డ్‌లు చూపించే ముందు అడిగేది చాలాసార్లు ఆ పిన్‌నే. లేచి వెళ్లేటప్పుడు విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కి తెరను లాక్ చేయడం అలవాటు చేసుకోండి.

మా అబ్బాయి హాస్టల్‌కు వెళ్లి వారమైంది. సాయంత్రం ఫోన్ చేస్తే ఎత్తడు, నాకు ఒకటే టెన్షన్. వాడికి తెలియకుండా ఫోన్‌లో ఏదైనా ట్రాకింగ్ యాప్ వేయొచ్చా?

మీ కంగారు అర్థమైందమ్మా, కానీ ఆ యాప్‌ల జోలికి వెళ్లకండి. దొంగచాటుగా పనిచేసేవి చాలావరకు ప్లే స్టోర్ బయట దొరుకుతాయి. ముందు ఫోన్‌లోని రక్షణను ఆపేయమంటాయి, తర్వాత మెసేజీలు, ఫొటోలు, ఓటీపీలు అన్నీ తీసుకెళ్లి ఎవరిదో తెలియని సర్వర్‌లో పెడతాయి. పైగా బాబు ఎప్పుడో ఒకప్పుడు కనిపెడతాడు.

గూగుల్ మ్యాప్స్‌లో 'లొకేషన్ షేరింగ్' ఉంది. తనే ఆన్ చేయాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపుకోవచ్చు. అడిగి చూడండి. అందులో తను ఎక్కడున్నదీ కాక ఫోన్ బ్యాటరీ ఎంత ఉందో కూడా కనిపిస్తుంది. సాయంత్రం పూట అక్కడ 2 శాతం కనిపిస్తే ఫోన్ ఎందుకు ఎత్తలేదో మీకే తెలిసిపోతుంది. వద్దంటే బలవంతం చేయకండి, రాత్రి భోజనం అయ్యాక తనే చేసేలా ఒక టైము అనుకోండి. వెళ్లి వారమే కదా, సాయంత్రాల్లో ఇంకా స్నేహితులు కుదురుతున్నారేమో.