చూడటం వేరు, కనపడటం వేరు: ఈఈజీ ల్యాబ్‌లో జేఆర్‌ఎఫ్ పోస్టు గురించి ఒక తండ్రికి జవాబు

మారతహళ్ళి నుంచి ఒక తండ్రిగారు రాశారు. సొంతూరు అనంతపురం వైపు, పదిహేనేళ్ళుగా బెంగళూరులోనే ఉంటున్నారు. అమ్మాయి ఈసీఈలో బీటెక్ పూర్తి చేసింది, గేట్ క్వాలిఫై అయింది, క్యాంపస్‌లో వచ్చిన ఐటీ ఆఫర్ చేతిలో ఉంది. ఈలోగా ఊళ్ళోనే ఒక యూనివర్సిటీ నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలో, అంటే పరిశోధన ప్రాజెక్టులో జీతం మీద పనిచేసే) పోస్టుకి పిలుపొచ్చింది. మనిషికి ఒక బొమ్మ కనపడినప్పుడు మెదడులో ఏం జరుగుతుందో ఈఈజీతో, అంటే తల మీద నుంచి మెదడు విద్యుత్ సంకేతాల్ని రికార్డు చేసే పద్ధతితో, కొలిచే ప్రాజెక్టు అది. “ఇది ఉద్యోగమా, చదువా? రెండేళ్ళు పోయాక చేతిలో ఏం మిగులుతుంది? సోమవారంలోగా కంపెనీకి ఏదో ఒకటి చెప్పాలి మేడమ్” అని అడిగారు.

సార్, మెదడంటే డాక్టర్లు చూసుకునే పని కదా అని కూడా రాశారు. అందుకని అమ్మాయి దేని వెనక పడుతోందో ముందు చెబుతాను. “అక్కడంతా చూశానమ్మా, తాళాలు కనపడలేదు” అని మన ఇళ్ళల్లో రోజూ వినే మాటే. చూడటం వేరు, కనపడటం వేరు అని మన భాషకి ముందే తెలుసు. మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర 500డి కోసం బస్సుల నంబర్ల మీదే కళ్ళు పెట్టుకుని నిలబడితే పక్కింటాయన ఎదురుగా నడిచి వెళ్ళినా తెలియదు. 1999లో సైమన్స్, చాబ్రిస్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఇదే సంగతి పరీక్షించారు. వీడియోలో బాస్కెట్‌బాల్ పాస్‌లు లెక్కపెట్టమన్నారు. ఆటగాళ్ళ మధ్యలోంచి గొరిల్లా వేషంలో ఒక మనిషి నడిచి వెళ్తే చూస్తున్నవాళ్ళలో దాదాపు సగం మందికి కనపడనేలేదు.

ల్యాబ్‌లో దీన్ని ఇంకా సన్నగా పట్టుకుంటారు. ఒక బొమ్మని సెకనులో ముప్పయ్యో వంతు సేపు చూపించి, వెంటనే దాని మీద గజిబిజి గీతలు వేస్తారు. అదే బొమ్మ, అదే వెలుగు. ఒకసారి మనిషి ‘కనపడింది’ అని బటన్ నొక్కుతాడు, ఇంకోసారి ‘లేదు’ అంటాడు. ఆ రెండింటికీ మెదడులో తేడా ఎక్కడ మొదలైందన్నదే ప్రశ్న. ఎరుక మెదడులో ఎక్కడ పుడుతుందో 25 ఏళ్ళలో తేలిపోతుందని క్రిస్టాఫ్ కాక్ అనే శాస్త్రవేత్త 1998లో డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్తతో పందెం కాశారు. 2023లో ఓడిపోయానని ఒప్పుకున్నారు. అంటే మీ అమ్మాయి తరానికి ఇంకా బోలెడు పని మిగిలే ఉంది.

ఈసీఈ చదివిన పిల్లకి ఇక్కడ పనేమిటన్నారు. అసలు సగం పని ఆమెదే. తల మీద దొరికే సంకేతం మైక్రోవోల్టుల్లో ఉంటుంది, అంటే వోల్టులో పది లక్షలో వంతు లెక్కన. దాన్ని పెద్దది చేయడం, శాంప్లింగ్, ఫిల్టర్లు, ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్... సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పేపర్లో చదివిందంతా అక్కడ పనికొస్తుంది. గోడలోని కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ రొద కూడా రికార్డింగులోకి వచ్చి కూర్చుంటుంది, దాన్ని తీసేయడం ఆమెకి తెలిసిన విద్యే.

పిల్లలకి చెప్పేముందు నా కళ్ళతో చూడాలని నిరుడు ఒక ల్యాబ్‌లో వాలంటీరుగా కూర్చున్నాను. పరిశోధన చేస్తున్న అమ్మాయి నా తలకి గుడ్డ టోపీ తొడిగి, ఒక్కో రంధ్రంలో జుట్టు పాయ తీసి, మొండి సిరంజితో చల్లటి జెల్ వేసింది. అలా 64 చోట్ల. ముప్పావు గంట పట్టింది. కళ్ళు మూసుకోమంది. తల వెనక వైపు గీతల్లో నెమ్మదైన అలలు వరసగా లేచాయట, తర్వాత రికార్డింగులో చూపించింది. తెరవగానే అణిగిపోయాయి. హాన్స్ బెర్గర్ జర్మనీలో 1924లో మనిషి ఈఈజీ మొదటిసారి తీసి, 1929లో ప్రచురించి, ఆల్ఫా అని పేరు పెట్టిన అలలే అవి. నేను రెప్ప వేసిన ప్రతిచోటా గీతలన్నీ ఎగిరిపడి ఉన్నాయి. అలాంటి రెప్పపాట్లని ఒక్కో రికార్డింగులోంచి ఏరి తీసేయడమే తన పని అని, నాలుగు నెలలుగా అదే చేస్తున్నానని ఆ పిల్ల చెప్పింది. విసుగు లేదా అన్నాను. “ఉంటుంది మేడమ్, కానీ శుభ్రం చేశాక తేడా కనపడిన రోజు నిద్ర పట్టదు” అంది.

మీరు నిర్ణయించాల్సింది ఈ మాట మీదే. జీతం సంగతి చెప్పడం తేలిక: కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాజెక్టయితే 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కి నెలకి 37,000, పైన హెచ్‌ఆర్‌ఏ. అమ్మాయి ఇంట్లోనే ఉంటుంది కనుక పీజీ అద్దె మిగులుతుంది. అయితే ఇది పర్మనెంట్ కాదు, ప్రాజెక్టు ముగిస్తే పోస్టూ ముగుస్తుంది. గ్రాంటు ఆలస్యమై రెండు మూడు నెలలు చేతికి డబ్బు రాని రోజులూ ఉంటాయి. ఇంకో నష్టం కూడా దాచను. రెండేళ్ళ తర్వాత సాఫ్ట్‌వేర్‌కి తిరిగి రావాలంటే ఫ్రెషర్స్ డ్రైవ్‌లలో పాసవుట్ సంవత్సరం అడ్డొస్తుంది. అప్పుడు చేతిలో పైథాన్ కోడ్, డేటా అనాలిసిస్ గట్టిగా ఉండాలి. మొదటి రోజు నుంచే తను రాసిన కోడ్‌ని గిట్‌హబ్‌లో (కోడ్ దాచి నలుగురికీ చూపించుకునే సైట్) పెట్టుకోమనండి, గైడ్ అనుమతి తీసుకుని.

నచ్చితే ముందు దారి ఉంది. మన ఊళ్ళోనే ఐఐఎస్సీలో సెంటర్ ఫర్ న్యూరోసైన్స్, జీవశాస్త్ర పరిశోధన చేసే ఎన్‌సీబీఎస్, మెదడు, మనసు జబ్బులు చూసే నిమ్హాన్స్ ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్‌కి ప్రత్యేక కేంద్రమే ఉంది. పీహెచ్‌డీ అంటే ఐదేళ్ళ పైమాటే. అందులో దిగేముందు ఈ పని తనకి పడుతుందో లేదో తేల్చుకోవడానికి జీతమిస్తూ ఒకటి రెండేళ్ళు అవకాశమిచ్చే పోస్టు దొరకడం మంచిదే. నేనైతే చేరమనే అంటాను, ఒక్క షరతు మీద.

జేఆర్‌ఎఫ్ ఆఫర్ మీద సంతకం పెట్టేముందు ఒక రోజంతా ఆ ల్యాబ్‌లో గడిపి రావాలి. గైడ్‌తో మాట్లాడితే చాలదు, అక్కడ పనిచేసే పిల్లల పక్కన కూర్చోవాలి. ఇంతకుముందు ఇదే పోస్టులో ఉన్నవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు, పేపర్లో వాళ్ళ పేరు వచ్చిందా, అనాలిసిస్ చేయనిస్తారా లేక టోపీలు కడిగి జెల్ వేయడంతోనే సరిపెడతారా, ఇవి వాళ్ళనే అడగాలి. జవాబు చెప్పడానికి ఇబ్బంది పడితే నాకు ఆ ల్యాబ్ మీద నమ్మకం ఉండదు, కంపెనీలో చేరమంటాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరైనా డేటా శుభ్రం చేస్తుంటే ఓ రెండు గంటలు పక్కనే ఉండి చూడమనండి.

సోమవారం గడువు కనుక గురువారమే వెళ్ళి రమ్మనండి. సాయంత్రం ఇంటికొచ్చాక మీరేమీ అడగకుండా, తనే ఏ విషయం ముందు ఎత్తుతుందో గమనించి నాకు రాయండి. శుక్రవారం రాత్రికల్లా జవాబిస్తాను.