బిస్కెట్ ప్యాకెట్ జేబులోంచి తీయకు

ఒరేయ్ నానీ,

జులైలో లద్దాఖ్‌లోని పాంగాంగ్ వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. సరస్సు సంగతి అందరూ చెబుతారు, నేను దారిలో ఉండే మార్మోట్ల గురించి చెబుతాను. మిలటరీలో ఉండగా ఆ కొండల్లో రెండేళ్లు గడిపినవాణ్ణి కదా.

ముందు లే పట్టణంలో రెండు రోజులు కదలకుండా పడుకో. అంత ఎత్తులో ఊపిరాడకపోతే మార్మోట్ ఏంటి, ఏనుగు ఎదురొచ్చినా చూడబుద్ధి కాదు.

చాంగ్‌లా కనుమ దిగి తాంగ్‌త్సే ఊరు దాటాక, వాగు పక్కన పచ్చిక కనిపించిన చోట కారు ఆపించు. మార్మోట్ ఉడుత జాతే గానీ పెద్ద పిల్లి అంత ఉంటుంది. అక్కడివాళ్లు ఫియా అంటారు. బొరియకీ దానికీ మధ్యలో నిలబడకు, దూరంగా కూర్చో. ఒకటి వెనక కాళ్ల మీద లేచి, చేతులు పొట్టకు ఆనించుకుని నిన్నే చూస్తుంది. తర్వాత ఓ ఈల వేస్తుంది చూడూ, చెవులు గింగుర్లెత్తాల్సిందే! క్షణంలో మైదానమంతా ఖాళీ. చాలామంది అప్పుడే లేచి వెళ్లిపోతారు. నువ్వు లేవకు. పావుగంట ఓపిక పడితే మట్టికుప్ప మీదికి ముందు ముక్కు వస్తుంది, ఆ వెనకే పసుపుపచ్చ పళ్లు.

బిస్కెట్లు మాత్రం పెట్టకు. నేనూ ఆ తప్పు చేశాను. రెండు చేతులా పట్టుకుని కొరుకుతుంటే ముచ్చటేసింది. మూడో రోజుకి బూట్ల దగ్గరికే వచ్చేసింది. గొర్రెలు కాసే ముసలాయన చూసి, "రేపు కుక్క వచ్చినా ఇలాగే ఎదురెళ్తుంది" అన్నాడు. తల తీసేసినట్లయింది. ఇప్పుడక్కడ వీధికుక్కలు ఇంకా ఎక్కువయ్యాయట.

పైగా దానికి తినడానికి ఉన్నదే ఐదారు నెలలు. గడ్డి మేసి కొవ్వు పట్టాలి. చలికాలానికి గింజలేమీ దాచుకోదు, దాని గాదె దాని ఒళ్లే. అక్టోబరు వచ్చేసరికి కుటుంబమంతా ఒకే గదిలో ముడుచుకుని, లోపలి నుంచి మట్టీ రాళ్లతో దారి మూసేసి, ఏప్రిల్ దాకా నిద్ర. ఆ నిద్రలో ఒళ్లు చల్లబడిపోతుంది, గుండె నిమిషానికి కొన్నిసార్లే కొట్టుకుంటుంది. మధ్యమధ్యలో కాసేపు మేలుకుని మళ్లీ పడుకుంటాయి.

ముట్టుకోవద్దు కూడా. టిబెట్ వైపు వీటి ఒంటిమీది పురుగుల వల్ల మనుషులకు ప్లేగు సోకిన సందర్భాలున్నాయి. చచ్చిపడి ఉన్నదాని దగ్గరికైతే అసలు పోకు.

నా బైనాక్యులర్స్ మీ పెద్దమ్మ బీరువాలో ఉంది, వచ్చి తీసుకెళ్లు. కుడి కంటి అద్దం కాస్త వదులు, జాగ్రత్త.

మీ పెదనాన్న