తెలుగు పేజీకి ముందు గాలి ఆడనివ్వండి

‘మా మెస్ వెబ్‌సైట్ తెలుగులో పెట్టాం, జనం వస్తున్నారు కానీ చదవకుండానే వెళ్లిపోతున్నారు, ఏం మార్చాలి?’ అని అడిగారు. బెంగళూరులో ఆంధ్రా మెస్సులకీ, పీజీలకీ పేజీలు చేసే పని నాది. మీ పేజీ తెరిచి చూశాను. అన్నిటికంటే ముందు వరుసల మధ్య ఖాళీ పెంచండి.

ఇంగ్లిష్ కోసం తయారైన టెంప్లేట్‌లో తెలుగు పోస్తే వచ్చే చిక్కే ఇది. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు. పై వరుసలో ‘రాష్ట్రం’, సరిగ్గా దాని కిందే ‘కీర్తి’ పడ్డాయనుకోండి. ష కింద వేలాడే వత్తులు వెళ్లి ‘కీ’ గుడికి తగులుతాయి. ఫోన్‌లో రెండూ కలిసి నల్లటి ముద్దలా కనిపిస్తాయి. వెబ్‌కి ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ మార్గదర్శకాలు పేరాల్లో లైన్ హైట్, అంటే ఒక్కో వరుస ఎత్తు, అక్షరాల సైజుకి కనీసం 1.5 రెట్లు ఉంటే మంచిదంటాయి. తెలుగుకి అది చాలదు, నేనైతే 1.7 పెడతాను. అక్షరాల మధ్య ఖాళీ మాత్రం పెంచకండి.

వరుసల రెండు చివర్లనీ అంచులకు సమానంగా లాగే జస్టిఫై కూడా తీసేయండి. మన మాటలు పొడుగు. ఒకటి కిందికి జారితే పైన మిగిలిన రెండు మాటలూ ఈ చివరొకటి, ఆ చివరొకటి నిలబడతాయి. ఫాంటంటారా, రామభద్ర లాంటి లావుపాటిది శీర్షికకే బాగుంటుంది. పేరాలకు నోటో శాన్స్ తెలుగు వాడండి, రెండూ ఉచితమే. మెనూని బొమ్మగా పెట్టారు, అది వద్దు. వేళ్లతో లాగి పెద్దది చేస్తే మసకబారుతోంది, పైగా చూపు లేనివాళ్లకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించడానికి అందులో అక్షరాలే లేవు.

ఇక రాత సంగతి. మారతహళ్లిలో ఒక మెస్ పేజీ ‘సుస్వాగతం’తో మొదలై యజమాని సొంతూరు, వాళ్ల నాన్నగారి చేతివంట దాకా వెళ్లేది. భోజనం వేళలు అట్టడుగున ఉండేవి. రాత్రి ఆఫీసు నుంచి బయటపడిన కుర్రాడికి కావలసింది ఇప్పుడు తెరిచుందా, పార్సెల్ ఇస్తారా, ఎంత, ఎక్కడ. ఆ నాలుగూ పైకి తెచ్చాం. ‘ఎన్నింటిదాకా ఉంటారండీ’ అనే ఫోన్లు బాగా తగ్గాయని యజమాని చెప్పారు. నాన్నగారి కథ తీసేయలేదు, కింద ఉంచాం. అది చదవాలనుకునేవాళ్లు తీరిగ్గా చదువుతారు.

మార్చాక మీ ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచి ఒకసారి పేజీ చూడండి. పెద్దవాళ్లు చాలామంది అలాగే పెట్టుకుంటారు. బటన్లలో మాటలు సగానికి తెగుతుంటే, వాటి ఎత్తుని పిక్సెళ్లలో బిగించేశారన్నమాట. ఆ కొలత తీసేస్తే సరిపోతుంది.