నొప్పిని దాచుకోకమ్మా

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ వద్దనుకుని ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత విద్యాలయ ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సికింద్రాబాద్‌లో ఏళ్ల తరబడి పిల్లలకు గ్రేడు పరీక్షల పాఠాలు చెప్పుకుంటూ వచ్చిన నాకు, మన ఇంటి పిల్ల కచేరీ పియానిస్టు కావాలనుకోవడం ఎంత గర్వంగా ఉందో వేరే చెప్పనక్కర్లేదు. అయితే అదే ఫోన్‌లో మీ అమ్మ మురిసిపోతూ, "మణికట్టుకు క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని మరీ రోజుకు ఎనిమిది గంటలు వాయిస్తోందక్కా" అన్నది. దాన్ని ఘనతగా చెప్పుకుంటున్నందుకు మీ అమ్మను అప్పుడే గట్టిగా మందలించాను. ఇప్పుడు నీ వంతు.

ముందుగా తేలికైన విషయాలు. రికార్డింగులు మంచి గ్రాండ్ పియానో మీదే చేయించు. డిజిటల్ కీబోర్డు మీద చేసినవి పంపకు. ఒకే రాగపు వరుసను అనేక గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే బాఖ్ ఫ్యూగ్‌లో ఏ గొంతుకు ఆ గొంతును విడిగా పాడగలిగేంతవరకు నేర్చుకో. కర్టిస్‌లో 1928 నుంచి ట్యూషన్ ఫీజు లేకపోయినా అక్కడ బతకడానికి డబ్బు కావాలి కాబట్టి, ఆ లెక్క మీ నాన్నతో ఇప్పుడే మాట్లాడు. పియానిస్టు తన వాయిద్యాన్ని వెంట తీసుకుపోలేడు. ఏ హాల్లో ఏది ఉంటే దాని మీదే వాయించాలి. అందుకని దొరికిన ప్రతి పియానో మీదా, కీలు బరువుగా ఉన్నవాటి మీద కూడా, కాసేపు కూర్చుని అలవాటు చేసుకో.

ఇక అసలు విషయం. మన ఇంట్లో సంగీతమంటే వీణ. మీ అమ్మమ్మ వేలి కొసలు తంతుల మీద కోసుకుపోయి, మళ్లీ గట్టిపడి కాయలు కాశాయి. ఇంటికి వచ్చినవాళ్లు ఆ వేళ్లను చూసి సాధకమంటే అదీ అని మెచ్చుకునేవారు. నాకు పియానో నేర్పిన మాస్టారు కూడా నొప్పి పుడితేనే చెయ్యి దారికి వస్తున్నట్టు లెక్క అనేవారు. వీణ పట్టేవాళ్లకు పైచర్మం కాయ కాస్తే అది రక్షణ. పియానో దెబ్బ చర్మానికి తగలదమ్మా. అది స్నాయువుకు తగులుతుంది, ఒక్కొక్కసారి వేళ్లను నడిపే మెదడుకే తగులుతుంది, పైకి ఏమీ కనిపించదు. నొప్పిని ఓర్చుకోవడాన్ని పొగిడే ఇంట్లో పెరిగావు కాబట్టే నీ గురించి నాకు ఇంత భయం.

పియానిస్టు లియోన్ ఫ్లైషర్ సంగతి నీకు వివరంగా చెప్పాలి. ఆయన 1928లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తొమ్మిదేళ్ల వయసు నుంచీ పేరుమోసిన పియానిస్టు ఆర్టుర్ ష్నాబెల్ దగ్గర నేర్చుకున్నాడు. 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ సంగీత పోటీ గెలిచాడు. ఆ బహుమతి అందుకున్న మొదటి అమెరికన్ ఆయనే. జార్జ్ సెల్ నిర్వహణలో క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో ఆయన వాయించిన బేతోవెన్, బ్రామ్స్ కాన్చెర్టోల (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక వాయిద్యం వాయించే కృతుల) రికార్డింగులను నేటికీ నా విద్యార్థులకు వినిపిస్తాను. అటువంటివాడికి 1964 ప్రాంతంలో, ముప్ఫై ఆరేళ్లు వచ్చేసరికి, కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు మాట వినడం మానేసి అరచేతిలోకి ముడుచుకుపోసాగాయి. ఆయన అప్పుడు చేసిన పని ఏమిటో తెలుసా? సాధకం పెంచాడు. చెయ్యి వద్దంటున్నకొద్దీ ఇంకా బలవంతంగా వాయించాడు. ఆ తప్పు గురించి తర్వాతి కాలంలో తానే దాచుకోకుండా చెప్పుకున్నాడు. విద్యార్థులను హెచ్చరించాడు కూడా. దాన్ని ఫోకల్ డిస్టోనియా అంటారని, లోపం వేళ్లలో కాక వాటిని నడిపించే మెదడులో ఉందని తెలియడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా ఆయన బాల్టిమోర్‌లోని పీబాడీలో పాఠాలు చెప్పాడు, ఆర్కెస్ట్రాలు నిర్వహించాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న పియానిస్టు పాల్ విట్గెన్‌స్టైన్ కోసం రావెల్ రాసిన ఎడమచేతి కాన్చెర్టో వాయించాడు. కండరాల బిగువు సడలించే బొటాక్స్ సూదిమందు సాయంతో రెండు చేతులా మళ్లీ వేదికల మీద వాయించేసరికి 1990ల నడిమి దాటింది. ముప్ఫై ఏళ్లమ్మా! అవి ఒక కళాకారుడి నడివయసు మొత్తం.

ఆయన ఒక్కడే అయితే దురదృష్టం అనుకునేదాన్ని. అదే 1928లో పుట్టిన పియానిస్టు గ్యారీ గ్రాఫ్‌మన్‌కూ కుడిచెయ్యి అలాగే మాట వినకుండా పోయింది. ఆయనే తర్వాత నువ్వు చేరాలనుకుంటున్న కర్టిస్‌కు అధిపతి అయి, నేటి మేటి పియానిస్టులు లాంగ్ లాంగ్‌కు, యూజా వాంగ్‌కు గురువయ్యాడు. నొప్పి వచ్చిన ప్రతి చెయ్యీ ఈ గతికి వస్తుందని నేను అనడం లేదు. చాలావరకు నొప్పులు విశ్రాంతితో, కూర్చునే తీరు సవరించుకోవడంతో తగ్గిపోతాయి. కానీ ఏది తగ్గేదో, ఏది ముదిరేదో పద్దెనిమిదేళ్ల పిల్ల గదిలో ఒంటరిగా కూర్చుని తేల్చుకోగలిగేది కాదు.

నీ చేతులు చిన్నవని నాకు తెలుసు. వేళ్లు బాగా చాచి వాయించాల్సిన రహ్మానినోవ్ మూడవ కాన్చెర్టో నువ్వు మొదలుపెట్టావని వినగానే బ్యాండేజీ ఎందుకు వచ్చిందో కూడా అర్థమయింది. ఆ కాన్చెర్టోను రహ్మానినోవ్ 1909లో రాసి పియానిస్టు జోసెఫ్ హాఫ్‌మన్‌కు అంకితమిచ్చాడు. హాఫ్‌మన్ చేతులు చిన్నవి. స్టైన్‌వే వాళ్లు ఆయన కోసం కీలు కాస్త సన్నగా ఉండే పియానోలు చేసిచ్చారు. అంతటి విద్వాంసుడు తనకు అంకితమైన ఆ కృతిని వేదిక మీద ఎప్పుడూ వాయించనేలేదు. ఆయన కూడా కర్టిస్‌ను ఏలినవాడే. అయిదడుగులైనా లేని స్పెయిన్ పియానిస్టు అలీసియా డె లరోచా ఆ కాన్చెర్టోను వాయించిందని నువ్వు నాతో వాదిస్తావు. వాయించింది, నిజమే. నువ్వూ వాయించవచ్చు, ఈ ఏడాది మాత్రం వద్దు. మోజార్ట్ సొనాటాలో ఒక్క వరుసను తేటగా పలికించడం నీ చేతికి ఇప్పటికే వచ్చు. అది నేర్పితే రాదు తల్లీ, నాకు ఎన్నటికీ రాలేదు. వేగంలో నిన్ను మించినవాళ్లు ఆ పరీక్షకు వందమంది వస్తారు కాబట్టి, నీకున్నదాన్నే వాళ్లకు వినిపించు.

సాధకం గంటకు మించి ఒక్క బిగిన చేయకు. మిగతా సమయంలో స్వరలిపిని ఒళ్లో పెట్టుకుని చేతులు కదపకుండా మనసులో వాయించు. రేపు అక్కడ సీటు వచ్చాక గురువు నిన్ను తక్కువగా చూస్తారేమోనని చేతి నొప్పిని ఆయన దగ్గర కూడా దాచకు. చెబితే కోప్పడే గురువైతే మార్చుకో.

ఈ ఆదివారం మీ అమ్మతో సికింద్రాబాద్ రా. సోమవారం చేతుల వైద్యం తెలిసిన డాక్టరుకు చూపిద్దాం, నేనూ వెంట వస్తాను. ఆయన సరేననేదాకా పియానో మూత తెరవవద్దు. దరఖాస్తు గడువు దగ్గర పడుతోందని మీ అమ్మ గొడవ చేస్తే, ఆమెతో నేను మాట్లాడతాను.

ప్రేమతో,
నీ పెద్దమ్మ